సైకిల్ చేతి పంపు: గాలి కన్నా చెమటే ఎక్కువ

ఆదివారం చంద్రగిరి కోట దాకా సైకిల్ తొక్కి వస్తుంటే శ్రీనివాస మంగాపురం దగ్గర వెనక టైరు పంక్చర్. పంక్చర్ షాపాయన నా ప్రెస్టా వాల్వు (రేసు సైకిళ్ల ట్యూబుకుండే సన్న వాల్వు) చూసి, "ఇదేంది సామీ, సూది మాదిరి ఉంది? మా గొట్టం పట్టదు" అన్నాడు.

ట్యూబు మార్చి, ఆన్‌లైన్‌లో 600 పెట్టి కొన్న ఈ పంపు తీశాను. డబ్బా మీద 120 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని గొప్పగా రాసుంది. రెండు వందల సార్లు కొట్టేసరికి చేతులు పడిపోయాయి. టైరు మాత్రం బొటనవేలితో నొక్కితే ఇంకా లోపలికి పోతోంది. 25 ఎంఎం సన్న టైరులో గాలి తక్కువైతే గుంతలో ట్యూబు రిమ్ముకు నలిగి మళ్లీ పంక్చరే. మన రోడ్లలో గుంతలకేం కొదవ! పైగా పంపు ఊడదీస్తుంటే వాల్వు కొస వంగింది.

ఇప్పుడు జేబులో చిన్న ఇత్తడి అడాప్టర్ పెట్టుకుంటున్నా. అది వాల్వుకు బిగిస్తే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు.

పంపుకు రెండు స్టార్లు. అవీ ఫ్రేముకు బిగించే క్లిప్పు గట్టిగా ఉన్నందుకు.