పంటా, అరటిదొప్ప దీపమా?

నరసాపురం రేవులో నిలబడితే ఈ పోలిక ఇట్టే తడుతుంది. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి నుంచి వచ్చిన పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, జనాన్నీ బండ్లనూ దించి, మళ్లీ ఎక్కించుకుని వెళ్తుంది. కార్తికంలో అరటిదొప్పలో వదిలిన దీపం మాత్రం తిరిగి రాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకు మోసే ప్రైవేటు నౌకల్లో డ్రాగన్ పంటు, సిగ్నస్ దీపం.

2012లో తొలిసారి కేంద్రాన్ని చేరిన స్పేస్‌ఎక్స్ డ్రాగన్ పారాచూట్లతో సముద్రంలో దిగుతుంది. ఒకసారి వెళ్లొచ్చిన నౌకనే 2017 జూన్‌లో మళ్లీ పంపారు. ఖర్చు మాట అలా ఉంచితే, నా దృష్టిలో అసలు లాభం తిరుగు సరుకే. శీతల పెట్టెల్లో దాచిన ప్రయోగ నమూనాలు చెడకుండా శాస్త్రవేత్తల చేతికి అందుతాయి. 2020 చివరి నుంచి వెళ్తున్న కొత్త రకం తనంతట తానే కేంద్రానికి అతుక్కుంటుంది.

2013లో మొదలైన సిగ్నస్‌ను మాత్రం కేంద్రానికున్న రోబో చేయి పట్టుకోవాలి. నెలల తరబడి అక్కడే ఉండి, చెత్త నింపుకుని వాతావరణంలో కాలిపోతుంది. వృథా అనిపిస్తుంది కానీ, చెత్తను భద్రంగా కిందికి దించి ఏం చేసుకుంటాం? ఉష్ణ కవచం, పారాచూట్ల బరువూ తప్పుతుంది. నమూనాలైతే పంటు, చెత్తయితే దీపం అంటాను నేను. అన్నట్టు, 2020లో వెళ్లిన ఒక సిగ్నస్‌కు కల్పనా చావ్లా పేరు పెట్టారు.