మూడు గడులు నిండితే దేవుడు వెళ్లిపోతాడు: ఏడాదిన్నర ఆడాక సిటీ ఆఫ్ మిస్ట్

సిటీ ఆఫ్ మిస్ట్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు వేసుకుని, రెండు డైస్ వేస్తూ కథ నడిపే ఆట. పొగమంచు నగరంలో మామూలు మనుషుల లోపల పురాణ పాత్రలు మేలుకుంటాయి. ఒక్కో పాత్రకు నాలుగు థీమ్‌లు, అంటే ఆ పాత్ర ఏమిటో చెప్పే నాలుగు ముఖాలు; కొన్ని పురాణం వైపువి, కొన్ని మామూలు బతుకు వైపువి. వారానికి మూడు గంటల చొప్పున ఏడాదిన్నర ఆడాక నాకు చెప్పాలనిపించేది ప్రతి థీమ్ మీదా ఉండే మూడు చిన్న గడుల గురించే. పురాణం వైపు థీమ్ మీద వాటిని ఫేడ్ అంటారు, మామూలు బతుకు వైపు థీమ్ మీద క్రాక్ అంటారు. మూడూ నిండాయా, ఆ థీమ్ పోతుంది. దాని చోట రెండో వైపు థీమ్ ఒకటి చిన్నగా మొలుస్తుంది. పాత దేవుడు ఈ కాలంలో నిద్రలేచే ఆటలు చాలానే ఉన్నాయి. లేచినవాడు మళ్లీ నిద్రలోకి జారిపోతాడేమోనని బల్ల చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టడం మాత్రం నేను ఈ ఆటలోనే చూశాను.

ఉదాహరణకు హెఫైస్టస్‌ని తీసుకోండి. గ్రీకుల కమ్మరి దేవుడు. పనితనంలో మన విశ్వకర్మకు చుట్టమే, కానీ ఇతనికి కాలు అవిటి, పైగా కన్నవాళ్లే తోసేసినవాడు. మా ఆటలో ఒక లిఫ్ట్ మెకానిక్ లోపల మేలుకున్నాడు. నిప్పు, వల అని పురాణం వైపు రెండు థీమ్‌లు. ఉద్యోగం, చెల్లెలు అని బతుకు వైపు రెండు. నిప్పు థీమ్‌కి రాసుకున్న మిస్టరీ, అంటే ఆ థీమ్ జవాబు వెతికే ప్రశ్న: "నన్ను కిందికి తోసింది ఎవరు?"

ఈ ప్రశ్న ఊరికే పెట్టింది కాదు. హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్ ఒకటో సర్గలో తండ్రి జ్యూస్ కాలు పట్టుకుని విసిరేస్తే రోజంతా పడి పడి లెమ్నోస్ ద్వీపంలో తేలాడని ఉంది. 18వ సర్గలోనేమో కొడుకు కుంటివాడని తల్లి హీరాయే వదిలించుకోబోయిందని, సముద్ర దేవతలు థెటిస్, యూరినోమే కాపాడారని ఉంది. పురాణమే రెండు జవాబులు చెప్పిన ప్రశ్న కాబట్టి ఎంత తవ్వినా తరగదు. ఒకే జవాబున్న ప్రశ్న రాసుకుంటే నాలుగు సెషన్లకే చప్పబడిపోతుంది.

ఇక గడులు నిండే తీరు. బతుకు వైపు థీమ్‌కి మిస్టరీ బదులు ఐడెంటిటీ, అంటే పాత్ర కట్టుబడే మాట ఉంటుంది. ఉద్యోగం థీమ్‌కి అది: "పిలుపొస్తే ఏ వేళైనా వెళ్తాను." ఒక రాత్రి 14వ అంతస్తు దగ్గర లిఫ్ట్ ఆగిపోయి లోపల మనుషులు ఇరుక్కున్నారు. సరిగ్గా అదే గంటలో తోసినవాళ్ల జాడ తెలిసిన మనిషి ఊరు దాటుతున్నాడు. లిఫ్ట్ దగ్గరికి వెళ్తే ఉద్యోగం మీద అటెన్షన్ (థీమ్‌ని ఎదగనిచ్చే గుర్తు) ఒకటి, నిప్పు మీద ఫేడ్ ఒకటి. మనిషి వెంట పడితే నిప్పు మీద అటెన్షన్, ఉద్యోగం మీద క్రాక్. ఏది ఎంచుకున్నా ఒకటి పెరుగుతుంది, ఒకటి తరుగుతుంది. డైస్ ముట్టుకునే పనే లేదు. అప్పటికే ఫేడ్ గడులు రెండు నిండి ఉన్నాయి. ఆటగాడు లిఫ్ట్ దగ్గరికే వెళ్లాడు. నిప్పు పోయింది, దాని చోట "రాత్రి డ్యూటీ స్నేహితులు" అన్న బుల్లి థీమ్ వచ్చింది. పురాణం వైపు వల థీమ్ ఇంకా మిగిలింది కాబట్టి సరిపోయింది. అదీ పోతే నాలుగూ బతుకు వైపే మిగిలి, తనలో దేవుడున్న సంగతే మరిచిపోయిన స్లీపర్ అయ్యేవాడు.

ఇంత బాగున్న ఆట మొదటి రెండు నెలలూ మా దగ్గర చప్పగా నడిచింది. కారణం ట్యాగులు, అంటే థీమ్ కింద రాసుకునే చిన్న చిన్న వర్ణనలు. చేసే పనికి పనికొచ్చే ట్యాగ్ ఒక్కోటి పవర్‌ని ఒకటి పెంచుతుంది; రెండు డైస్ మొత్తానికి పవర్ కలిపితే 6 లేదా అంతకంటే తక్కువైతే ఓటమి. "చేయి తిరిగిన పనివాడు" అని ఒక ట్యాగ్ రాసుకున్నాం. అది తాళం తీయడానికీ, గోడ ఎక్కడానికీ, బేరమాడడానికీ కూడా పనికొచ్చింది! అలాంటివి ఐదు కలిస్తే పవర్ 5. డైస్ మీద అతి తక్కువ 2 పడినా మొత్తం 7, అంటే ఓటమి అన్నదే లేదు. పవర్ 3 అయితే 36లో 3 సార్లు తప్పుతుంది, పవర్ 2 అయితే 6 సార్లు, పవర్ 1 అయితే 10 సార్లు. ఆట రక్తి కట్టేది ఈ 1-3 మధ్యనే. మందు ఒకటే: ట్యాగ్‌ని ఒక వస్తువుకో ఒక పనికో కట్టేయడం. "కంటికి కనబడని గొలుసు వల", "కొలిమి వేడికి కాలని చేతులు", "వాటంతట అవే నడిచే ముక్కాలిపీటలు". మొదటిదీ చివరిదీ పురాణంలోంచి తీసుకున్నవే, మూడింట్లో ఒకదాని పని ఇంకొకటి చేయదు.

బలహీనత ట్యాగ్ విషయంలో ఇందుకు పూర్తిగా తిరగేసి ఆలోచించాలి. వాడిన ప్రతిసారీ పవర్ ఒకటి తగ్గుతుంది, కానీ అటెన్షన్ ఒకటి వస్తుంది. మూడు అటెన్షన్లకు థీమ్ ఒక మెట్టు ఎదుగుతుంది. "హీరా పేరెత్తితే కోపం" నెలకోసారి కూడా అవసరపడలేదు. "కుంటికాలు" మెట్లున్న ప్రతి చోటా పలికింది. హెఫైస్టస్‌ని ఎదగనిచ్చింది ఆ కాలే.

పైన గడులను మెచ్చుకున్నాను కదా, అది ముగ్గురు ఆటగాళ్లు, మారని జట్టు, ఇరకాటాలు ముందే రాసిపెట్టుకునే ఎంసీ (ఆట నడిపే మనిషి) ఉన్న బల్ల మాట. ఎంసీ ఇరకాటం పెట్టకపోతే గడి దానంతట అది నిండదు. ఒక్క పూటలో ముగిసే ఆటలో ఫేడ్ ఉన్నా లేనట్టే. అయిదుగురు కూర్చుంటే మనిషికి 16 (ఒక్కో థీమ్‌కి నాలుగు) చొప్పున 80 ట్యాగులు బల్ల మీద ఉంటాయి. జట్టంతటికీ కలిపి ఉండే థీమ్ అదనం. ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్న వాదనకే సాయంత్రం సరిపోతుంది. మాలాగా వారం వారం కుదిరేవాళ్లు, గ్రీకు కథలు కొంచెం చదివినవాళ్లు ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. నెలకోసారి కలిసే జట్టయితే ఇద్దరితో, మనిషికి ఒకే పురాణ థీమ్‌తో మూడు సెషన్లు ఆడి చూసుకోండి.