గర్భిణులకు అమ్ముతున్న రక్తపరీక్ష ప్యాకేజీలు, ‘నెత్తురు పట్టే’ టానిక్కులు: డబ్బు కట్టే ముందు చదవండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కడుపుతో ఉన్నవాళ్ల ఇళ్లకు, ఆడపిల్లల హాస్టళ్లకు వచ్చి ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’ అని రక్తం తీసుకెళ్తున్నవాళ్ల గురించి ఈ హెచ్చరిక. రోజూ ఇలాంటి రిపోర్టులు చూసే ల్యాబు పనిలో ఉన్నవాళ్లం రాస్తున్నాం. పరీక్ష చేయించుకోవడంలో తప్పు లేదు, చేయించుకోవాలి కూడా. తప్పంతా ఆ కాగితం మీద అచ్చేసే ‘నార్మల్’ అంకెల్లో ఉంది, ఆ అంకెలు చూపించి తర్వాత అంటగట్టే సరుకులో ఉంది.

జరిగే తీరు ఇదీ. పొద్దున్న రక్తం తీస్తారు, సాయంత్రానికి ఫోన్‌కి రిపోర్టు వస్తుంది. అందులో ఐదారు చోట్ల ఎర్ర అక్షరాలు. హిమోగ్లోబిన్ తక్కువ, తెల్లకణాలు ఎక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ, ఈఎస్‌ఆర్ (ట్యూబులో ఎర్రకణాలు కిందికి దిగే వేగం) ఎక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (మాయ, కాలేయం, ఎముకల్లో తయారయ్యే ఎంజైము) ఎక్కువ. వెనకాలే ఫోను: “అమ్మా, ఒంట్లో నెత్తురు లేదు, ఇన్‌ఫెక్షన్ కూడా ఉంది, బిడ్డకి ప్రమాదం.” ఆ భయంలో సిరప్పుల కిట్టు, ప్రోటీన్ పొడి కొనిపిస్తారు. కొన్నిచోట్ల ఇంట్లోనే సెలైన్ పెట్టించి సూదులు కూడా వేయిస్తారు.

పైన చెప్పిన ఐదూ ఆరోగ్యంగా ఉన్న గర్భిణి రక్తంలో కూడా అలాగే కనిపిస్తాయి. రిపోర్టు తయారుచేసే కంప్యూటర్లో మగ, ఆడ అనే రెండే ఎంపికలుంటాయి. ఎన్నో నెల అని అడిగే గడి ఉండదు. అందుకే కడుపుతో లేని ఆడవాళ్ల అంకెలతో పోల్చి ఎర్ర గుర్తు పెట్టేస్తుంది.

ముందు హిమోగ్లోబిన్ సంగతి. గర్భం మొదలైన కొద్ది వారాల్లోనే రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా, పెరగడం మొదలై 32 వారాలు దాటేసరికి దాదాపు 40 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. ఎర్రకణాలూ పెరుగుతాయి కానీ 20 నుంచి 30 శాతమే. చారులో నీళ్లు పోసినట్టు, కణాలు మునుపటికంటే ఎక్కువే ఉన్నా చిక్కదనం తగ్గుతుంది. మాయలోకి రక్తం సులువుగా పారడానికీ, కాన్పులో అరలీటరు దాకా పోయినా తల్లి తట్టుకోవడానికీ ఒళ్లు చేసుకునే ఏర్పాటు ఇది. కాబట్టి మామూలు ఆడవాళ్లకు డెసిలీటరు రక్తానికి 12 గ్రాములు గీత అయితే, గర్భిణికి మొదటి మూడు నెలల్లో, చివరి మూడు నెలల్లో 11, మధ్యలో 10.5. ఆరో నెలలో 10.8 ఉంటే అది జబ్బు కాదు. 7 నుంచి 9.9 మధ్య ఉంటే వైద్యం కావాలి. 7 కంటే తక్కువైతే ఇంట్లో ఉంచకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకో మాట: ఏడో నెల తర్వాత కూడా 13 పైన ఉంటే మంచి రక్తమని మురిసిపోకండి. ప్లాస్మా సరిగా పెరగలేదేమో, బీపీ ఎలా ఉంది, బిడ్డ ఎదుగుదల ఎలా ఉంది అని డాక్టరు చూడాల్సిన అంకె అది.

తెల్లకణాల దగ్గరే ఎక్కువ మోసం జరుగుతోంది. రిపోర్టులో 4,000 నుంచి 11,000 నార్మల్ అని ఉంటుంది. గర్భిణికి 15,000 దాకా కూడా సహజమే, నొప్పులు పడుతున్నప్పుడు 25,000 దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పెరిగేది ముఖ్యంగా న్యూట్రోఫిల్స్. డీసీలో, అంటే తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే లెక్కలో, అవి పెరిగేసరికి ఇంకో రకమైన లింఫోసైట్ల శాతం తగ్గినట్టు కనపడుతుంది, దానికీ ఒక ఎర్ర గుర్తు పడుతుంది. నెలలు నిండకముందే కాన్పయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం వేసే స్టెరాయిడ్ సూది వల్ల కూడా కొన్ని రోజులు ఈ లెక్క పైకి పోతుంది. ఈఎస్‌ఆర్ అయితే గర్భంలో రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ పెరగడం వల్ల తప్పకుండా పెరుగుతుంది, అప్పుడు దాన్ని చూసి ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో చెప్పలేం. ఈ రెండింటికీ ఒక విడాల్ పరీక్ష జతచేసి ‘టైఫాయిడ్’ అనేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. జ్వరమే లేని మనిషికి విడాల్‌లో 1:80 వచ్చిందని టైఫాయిడ్ అని తేల్చకూడదు. మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ ఆ అంకె వస్తుంది. టైఫాయిడ్ నిర్ధారణకు బ్లడ్ కల్చర్ కావాలి. సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్, జెంటామైసిన్ లాంటివి గర్భంలో ఎవరు పడితే వారు ఇచ్చే మందులు కావు. జ్వరం, మూత్రంలో మంట, దుర్వాసనతో తెల్లబట్ట, ఉమ్మనీరు పోవడం లాంటివి ఉంటే మాత్రం 12,000నైనా తేలిగ్గా తీసుకోకూడదు. అంకెతో పాటు మనిషిని చూసి చెప్పాల్సిన విషయం ఇది, ఫోన్లో చెప్పేది కాదు.

ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర పైన ఉండాలి. గర్భంలో పది శాతం దాకా తగ్గుతాయి. కొందరికి లక్షా పది, లక్షా ఇరవై వేలకు దిగి, కాన్పయ్యాక వాటంతటవే లేస్తాయి. లక్ష లోపుకు వస్తే కారణం వెతకాలి. బీపీ 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, తలనొప్పి, కళ్లు మసకలు, కుడి డొక్కలో పైభాగాన నొప్పి ఉంటే ప్లేట్‌లెట్లు ఎంతున్నాయని చూస్తూ కూర్చోకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. వానాకాలంలో జ్వరంతో పాటు తగ్గితే డెంగీ పరీక్ష చేయించాలి.

ఇక్కడ రక్తం తీసే చేతి లోపాలు కూడా చాలా ఉన్నాయి. సీబీపీకి, అంటే రక్తకణాలన్నీ లెక్కపెట్టే పరీక్షకి, వాడేది ఊదారంగు మూత ట్యూబు, అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది. గీత దాకా రక్తం నింపి, వెంటనే ఎనిమిది నుంచి పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. ఇంటింటికీ బండి మీద తిరిగే కుర్రాడు ట్యూబుని సంచిలో పడేసి పక్కింటికి పోతే లోపల చిన్న గడ్డ కడుతుంది, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుపోతాయి, మిషన్ 60,000 అని చూపిస్తుంది. ఇంకొందరి రక్తంలో ఆ ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. అప్పుడు స్లైడు మీద స్మియర్, అంటే పలచగా పరిచిన రక్తపు పొర, మైక్రోస్కోపులో చూడాలి, నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. “స్మియర్ చూశారా?” అని అడగండి. చూడలేదంటే ఆ తక్కువ అంకెను నమ్మి ఏమీ కొనకండి. చేతికి కట్టే పట్టీ నిమిషం దాటి ఉంచితే హిమోగ్లోబిన్ ఎక్కువ చూపిస్తుంది, సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే అన్నీ తక్కువ చూపిస్తాయి. వేలికి గుచ్చి గట్టిగా పిండినా అంతే, ఒంటి నీరు కలిసి అంకె పడిపోతుంది.

దీనికి తలకిందులైన తప్పు కూడా ఒకటుంది, ఉద్దానం వైపు వాళ్లు బాగా గుర్తుంచుకోవాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ గర్భంలో తగ్గాలి, 0.4 నుంచి 0.8 మధ్య ఉండాలి. రిపోర్టులో 1.0 ఉంటే ‘నార్మల్’ అని నల్ల అక్షరాల్లోనే వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎలా ఉందో చెప్పనక్కర్లేదు. అక్కడి గర్భిణికి 0.9 దాటితే యూరిన్ ప్రోటీన్, బీపీతో కలిపి డాక్టరుకు చూపించండి. ఎర్రకణాల తయారీకి ఆజ్ఞ ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ కిడ్నీలోనే పుడుతుంది కాబట్టి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ల రక్తహీనత ఐరన్ టానిక్కు ఒక్కదానితో పోదు.

ఇక టానిక్కులు. సీసా మీద ‘ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 160 మిల్లీగ్రాములు’ అని పెద్దగా ఉంటుంది. అందులో అసలు ఐరన్ ఐదో వంతు, సుమారు 32 మిల్లీగ్రాములు. చూడాల్సింది ‘ఎలిమెంటల్ ఐరన్’ అనే మాట పక్కన అంకె. గర్భం మొత్తానికి దాదాపు 1,000 మిల్లీగ్రాముల ఐరన్ ఒంటబట్టాలి, తిన్నదాంట్లో కొద్ది భాగమే ఒంటబడుతుంది. ఆశా కార్యకర్తో, ఏఎన్‌ఎమ్మో ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. రక్తం తక్కువని తేలితే రోజుకు రెండు. కిట్టులోని ఖరీదైన సీసా కంటే ఆ మాత్రే బలమైనది, ఇది మేం గట్టిగా చెబుతాం. సీసా మీద మందుల తయారీ లైసెన్సు నంబరు లేకుండా ఆహార పదార్థాలకిచ్చే పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు మాత్రమే ఉంటే అది మందు కాదు, ఆహార పదార్థంగా అమ్ముతున్న సరుకు.

మాత్ర పనిచేయలేదని చాలామంది టానిక్కుకు మారతారు. పనిచేయకపోవడానికి కారణం ఎక్కువగా వేసుకునే తీరులో ఉంటుంది. టీతోనో, పాలతోనో, చోడి (రాగి) అంబలి తాగిన వెంటనేనో వేసుకుంటే ఐరన్ పట్టదు. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం నీళ్లతో, ఖాళీ కడుపున మంచిది. వికారం వస్తే అన్నం తిన్న గంటకు, లేదా రాత్రి పడుకునేముందు వేసుకోండి. విరేచనం నల్లగా రావడం మామూలే. నాలుగో నెల దాటాక పీహెచ్‌సీలో నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఒకసారి వేయించుకోవాలి. ఇలా సరిగ్గా వాడితే నెలలో ఒక గ్రాము పెరగాలి. పెరగలేదంటే సీసా మార్చడం కాదు, కారణం చూడాలి.

ఆ కారణాల్లో మన్యం వైపు ముఖ్యమైనది పుట్టుకతో వచ్చే తేడా. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ప్రాంతాల కుటుంబాల్లో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే తేడా) ఉండవచ్చు. తలసేమియా లక్షణం (హిమోగ్లోబిన్ తయారీలో లోపాన్ని తల్లి నుంచో తండ్రి నుంచో మోయడం) ఎక్కడివాళ్లకైనా ఉండవచ్చు. సీబీపీలో ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు సైజు, బాగా తక్కువగా ఉండి, ఎర్రకణాల సంఖ్య మాత్రం 50 లక్షల పైన ఉంటే అనుమానించాలి. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగించండి: 13 కంటే తక్కువ వస్తే తలసేమియా వైపు, ఎక్కువొస్తే ఐరన్ లోపం వైపు మొగ్గు. ఇది సూచనే, తేల్చేది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. భార్యకు ఉందని తేలితే భర్తకూ వెంటనే చేయించాలి, ఎందుకంటే ఇద్దరికీ ఉంటే బిడ్డకు పూర్తి జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ప్యాకేజీల్లో డెబ్బై, ఎనభై పరీక్షలని గొప్పగా రాస్తారు, ఈ ఒక్కటి చాలావాటిలో ఉండదు.

హాస్టల్ పిల్లల విషయం. నెలసరిలో మామూలుగా పోయేది 30 నుంచి 40 మిల్లీలీటర్లు. దాంతో 15 నుంచి 20 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. ఒక్క నెలసరికి హిమోగ్లోబిన్ పడిపోదు. 80 మిల్లీలీటర్లు దాటితే, అంటే గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడటం, వారం దాటి సాగడం ఉంటే, నెలనెలా ఐరన్ నిల్వ కరిగిపోతుంది. ముందు ఆ నిల్వను చూపే ఫెరిటిన్ తగ్గుతుంది, హిమోగ్లోబిన్ తర్వాతెప్పుడో. కొన్ని రిపోర్టుల్లో ఫెరిటిన్ 10 నుంచే నార్మల్ అని ఉంటుంది; 15 లోపు ఉందంటే నిల్వ అయిపోయినట్టే. జ్వరంలో ఫెరిటిన్ పెరిగి లోపాన్ని దాచేస్తుంది కాబట్టి తగ్గాక చేయించాలి. అండం విడుదలయ్యాక వచ్చే రెండు వారాల్లో తెల్లకణాలు కాస్త ఎక్కువుంటాయి, దానికి మందులు అక్కర్లేదు. బయట ఉన్న రోజుల్లో యూరిన్ పరీక్షకు ఇవ్వకండి. నెలసరి రక్తం కలిసి ఎర్రకణాలు, ప్రోటీన్ కనపడతాయి, ‘కిడ్నీలో ఇన్‌ఫెక్షన్’ అని మందులు రాసేస్తారు. ఆగిన మూడు నాలుగు రోజులకు ఇవ్వండి.

ఐరన్ సూది ఇంట్లో ఎవరు వేస్తామన్నా ఒప్పుకోవద్దు. ఐరన్ సుక్రోజ్‌ని సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాలి, మొదటి మూడు నెలల్లో వాడరు, ఒంటికి పడకపోతే నిమిషాల్లో బీపీ పడిపోవచ్చు; ఆక్సిజన్, అడ్రినలిన్ చేతికందేలా ఉన్న ఆసుపత్రిలోనే చేయాలి. విజయనగరం ఘోషాసుపత్రి, శ్రీకాకుళం సర్వజనాసుపత్రి లాంటి చోట్ల డాక్టరుకు చూపించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితం, హిమోగ్లోబిన్ కూడా అందులోనే చూస్తారు.

ఇప్పటికే ప్యాకేజీ కొన్నవాళ్లు రిపోర్టు పారేయకండి. ఎన్ని వారాలప్పుడు తీసిందో దాని మీద రాసి, తర్వాతి చెకప్‌కి తీసుకెళ్లండి. అంకెలు నిజమైతే పనికొస్తాయి. రక్తం తీసిన టైము, రిపోర్టు మీద పాథాలజిస్టు సంతకం, ల్యాబు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేవో చూడండి. మన రాష్ట్రంలో ప్రైవేటు ల్యాబు 2002 చట్టం కింద రిజిస్టరు కావాలి, లేకపోతే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. సీసాల మీద అనుమానముంటే డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు, డబ్బు వెనక్కి రావాలంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. బిల్లు, ఫోన్‌పే రశీదు, వాళ్లు పంపిన మెసేజీలు, బ్యాచ్ నంబరు కనిపించేలా సీసా ఫొటో దగ్గరుంచుకోండి. బిల్లు ఇవ్వము అనేవాళ్లకు రక్తమే ఇవ్వకండి.