సీడీ లోపలే ఉంది, ఆట మాత్రం సీడీ పెట్టమంటుంది: ఇరవై ఏళ్లు పైబడిన వాడకం తర్వాత

విండోస్ ప్రతి డ్రైవ్‌నీ ‘సి’, ‘డి’ లాంటి ఒక అక్షరంతో పిలుస్తుంది. మా ఇంట్లో సీడీ డ్రైవ్ అక్షరం ‘ఆర్’. 2003 ఎండాకాలం నుంచీ అదే. ఈలోగా విండోస్ 98 తర్వాత ఎక్స్‌పీ, దాని తర్వాత 7 వచ్చాయి, ఇప్పుడు 10 నడుస్తోంది. డ్రైవ్‌లు కూడా మారాయి. ఆ అక్షరాన్ని మాత్రం నేను కదపలేదు. పాత ఆటలు సీడీని గుర్తుపట్టడం లేదని అడిగే వాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే: ముందు డ్రైవ్‌కి ఒక అక్షరం ఖాయం చేయండి, ఆ తర్వాతే ఆటని ఇన్‌స్టాల్ చేయండి. మిగిలిన పద్ధతుల్లో ఏది ఎంతవరకు పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో నా అనుభవంలోంచి రాస్తున్నాను.

మాది పాలకొల్లు పక్కన చిన్న ఊరు. 2001లో చేపల చెరువుల లెక్కలు రాసుకోవడానికని నాన్న భీమవరం నుంచి పెంటియం 3 కంప్యూటర్ తెచ్చారు. సీడు ఎంత వేశాం, తవుడు, చెక్క ఎన్ని బస్తాలు పట్టాయి, పట్టుబడికి ఎంత వచ్చింది, అన్నీ అందులోనే. రాత్రి భోజనాలయ్యాక మాత్రం అది మా పిల్లలది. సంక్రాంతికి అత్తయ్య వాళ్లు, పెద్దమ్మ వాళ్లు వచ్చారంటే పోకుండల పళ్లెం కీబోర్డు పక్కనే ఉండేది, తెల్లారి భోగి మంట వేసే వేళదాకా వంతులు వేసుకుని ఆడేవాళ్లం. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’, ‘నీడ్ ఫర్ స్పీడ్ 3’, ‘టూంబ్ రైడర్’, ‘క్వేక్’. ఈ నాలుగు సీడీలే మా ఆస్తి.

2003 పండక్కి పది రోజుల ముందు హార్డ్ డిస్క్ నిండిపోయిందని ఒక పాత డిస్క్ కొని రెండోదిగా తగిలించాం. ఆ సాయంత్రం నుంచి ఆటలు మొరాయించాయి. “బావా, సీడీ పెట్టమంటోంది. లోపలే ఉంది కదా!” అని అత్తయ్య కొడుకు ట్రే తీసి చూపించడం ఇప్పటికీ గుర్తుంది. తుడిచాం, తిప్పి పెట్టాం, ఆపి ఆన్ చేశాం. లాభం లేకపోయింది. రిపేరు షాపుకి తీసుకెళ్తే, విండోస్ పాడైంది, ఫార్మాట్ చేయాలన్నారు. చేసేశారు. నాన్న చెరువుల లెక్కలు ఏడాదివి మొత్తం పోయాయి. ఆయన నన్నొక్క మాట కూడా అనలేదు. మేత కొట్టు బిల్లులు ముందేసుకుని నెల రోజులు రాత్రిళ్లు కూర్చుని మళ్లీ రాసుకున్నారు.

ఫార్మాట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఆటలన్నీ ఆడాయి. కాబట్టి షాపు వాళ్ల మాటే నిజమనుకున్నాం. ఏప్రిల్‌లో ఆ పాత డిస్క్ చెడిపోయింది. తీసేశాం. అంతే, మళ్లీ “సీడీ పెట్టండి”. ఈసారి విండోస్‌లో ఏ మార్పూ లేదు, డిస్క్ ఒక్కటే తీశాం. అప్పుడు మై కంప్యూటర్ తెరిచి చూస్తే, నిన్నటిదాకా ‘ఇ’గా ఉన్న సీడీ డ్రైవ్ ఇవాళ ‘డి’ అయింది. విషయం నాకు అక్కడ అర్థమైంది.

విండోస్ 98 ముందు హార్డ్ డిస్కుల భాగాలకి అక్షరాలు పంచుతుంది. మిగిలిన వాటిలో మొదటిది సీడీ డ్రైవ్‌కి దక్కుతుంది. డిస్క్ ఒకటే ఉంటే ‘సి’ దానిది, ‘డి’ సీడీది. రెండో డిస్క్ రాగానే ‘డి’ని అది తీసుకుంటుంది, సీడీ ‘ఇ’కి జరుగుతుంది. ఆట మాత్రం ఇన్‌స్టాల్ చేసిన రోజున సీడీ ఏ అక్షరంలో ఉందో రాసి పెట్టుకుంటుంది. రోజూ అక్కడికే వెళ్లి చూస్తుంది. మన ఇల్లు పక్క వీధికి మారినా పోస్టు పాత డోర్ నంబరుకే వెళ్లినట్టు. సీడీకీ జబ్బు లేదు, లెన్స్‌కీ లేదు, విండోస్‌కీ లేదు. నాన్న లెక్కలు పోవాల్సిన అవసరమే లేదు.

సరిచేయడానికి పట్టింది ఐదు నిమిషాలు. డివైస్ మేనేజర్‌లో సీడీ డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిస్తే, సెట్టింగ్స్ అనే చోట రిజర్వ్‌డ్ డ్రైవ్ లెటర్స్ అని ఉంటుంది. మొదలు, చివర రెండింటికీ ‘ఆర్’ ఇచ్చి కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేశాను. అంత దూరం అక్షరం ఎందుకంటే, మధ్యలో ఎన్ని డిస్కులు వచ్చి పోయినా దాని జోలికి రాకూడదని. అది మంచి నిర్ణయమని తర్వాత రుజువైంది. ఎక్స్‌పీ కాలంలో కంప్యూటర్ ముందు భాగంలో కార్డ్ రీడర్ పెట్టించాను. ఖాళీగా ఉన్నా అదొక్కటే నాలుగు అక్షరాలు తీసుకుంది. ‘ఆర్’ అలాగే ఉంది.

ఒక జాగ్రత్త ఉంది. 98లో పూర్తి డాస్ మోడ్‌లోకి (డాస్ అంటే విండోస్ కంటే ముందటి పాత సిస్టమ్) వెళ్లి ఆడేవాళ్లకి ఈ సెట్టింగ్ అక్కడ వర్తించదు. అక్కడ ఆటోఎగ్జెక్ ఫైల్లో ఎమ్మెస్‌సీడెక్స్ (డాస్‌కి సీడీ డ్రైవ్‌ని చూపించే ప్రోగ్రామ్) వరుసకి ‘ఎల్’ స్విచ్‌తో అక్షరం ఇవ్వాలి. 98 కంటే ముందటి పాత డాస్ అయితే కాన్ఫిగ్ ఫైల్లో లాస్ట్‌డ్రైవ్‌ని ‘జెడ్’ దాకా పెంచాలి. అది పెంచకపోతే ఆ పాత డాస్ మామూలుగా ‘ఇ’ దగ్గరే ఆగిపోతుంది, ‘ఆర్’ ఇవ్వడం కుదరదు.

ఇప్పటికే ఇన్‌స్టాల్ అయిన ఆటలకి రెండు దారులు. సులువైనది తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. సేవ్ చేసిన ఆటల ఫైళ్లు ముందు కాపీ చేసుకోవాలి. రెండోది, ఆట ఎక్కడ రాసుకుందో వెతికి అక్కడ మార్చడం. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులన్నీ దాచుకునే చోటు) మైక్రోసాఫ్ట్ గేమ్స్ కింద సీడీపాత్ అనే పేరుతో రాస్తుంది. 64 బిట్ విండోస్‌లో అదే కీ సాఫ్ట్‌వేర్ కింద వావ్6432నోడ్ లోపల ఉంటుంది. చాలామంది అది తెలియక ఖాళీ చేతులతో వెనక్కి వస్తారు. ‘నీడ్ ఫర్ స్పీడ్ 3’ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్.విన్ అనే చిన్న ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే దారులన్నీ కనిపిస్తాయి, సీడీ పాత అక్షరం ఉన్న చోటల్లా ‘ఆర్’ పెట్టి సేవ్ చేస్తే సరిపోయింది. నాకు ఇష్టమైన పద్ధతి ఇది. ఏం మార్చామో కళ్లకి కనిపిస్తుంది, తప్పు జరిగితే వెనక్కి తెచ్చుకోవచ్చు.

2005లో సీడీ రైటర్ కొన్నాక ఇంకో రకం చిక్కు వచ్చింది. కొన్ని ఆటలు ఏ అక్షరమూ రాసుకోవు. ‘ఎ’ నుంచి మొదలుపెట్టి వరసగా చూస్తూ, మొదట కనిపించిన సీడీ డ్రైవ్ దగ్గర ఆగిపోతాయి. రెండో డ్రైవ్ ఉంటుందన్న ఆలోచనే వాటికి లేదు. సీడీ రెండో దాంట్లో ఉంటే లేదనే చెప్తాయి. అందుకని ఆటల డ్రైవ్‌కి ‘ఆర్’ ఉంచి, రెండో దానికి ‘ఎస్’ ఇచ్చాను. మొదటి డ్రైవ్ పాతబడి సీడీలు చదవలేకపోతోందని తర్వాత అక్షరాలు తారుమారు చేసి రైటర్‌ని ‘ఆర్’ చేశాను. ఆటలు వెంటనే గుర్తుపట్టాయి. కానీ ‘క్వేక్’లో సంగీతం పోయింది.

దాని మీద వారం రోజులు పోయింది. ‘క్వేక్’ సీడీలో మొదటి ట్రాక్ ఒక్కటే ఆట. 2 నుంచి 11 వరకు ఉన్నవి మామూలు పాటల సీడీలో ఉండే ఆడియో ట్రాకులే. ఆట నడుస్తున్నంతసేపూ డ్రైవ్ వాటిని పాటల ప్లేయర్‌లా వాయిస్తుంది. ఆ శబ్దం డ్రైవ్ వెనక నుంచి సౌండ్ కార్డుకి వెళ్లే సన్నని ఆడియో వైరు ద్వారా వస్తుంది. ఆ వైరు పాత డ్రైవ్‌కే ఉండిపోయింది. క్యాబినెట్ విప్పి వైరు మార్చాక, లైటు తీసేసిన హాల్లో ఆ మొదటి గుంయ్‌మనే శబ్దం వినిపించినప్పటి సంతోషం నాకింకా గుర్తుంది. ‘టూంబ్ రైడర్’కీ ఇదే కథ. విండోస్ ఆటలకైతే 98 కంట్రోల్ ప్యానెల్‌లో మల్టీమీడియా తెరిచి, సీడీ మ్యూజిక్ అనే చోట ఏ డ్రైవ్ నుంచి వాయించాలో కూడా చెప్పాలి. కాబట్టి సీడీ దొరికింది, ఆట మొదలైంది అని ఆగిపోకండి. సంగీతం వస్తోందో లేదో వినండి. అది రాకపోతే ఆట సగమే దొరికినట్టు.

ఎక్స్‌పీ నుంచి పని తేలికైంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి అక్షరం మార్చేస్తే ఆ డ్రైవ్‌కి అది గుర్తుంటుంది. 2017లో లాప్‌టాప్ వచ్చాక యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొన్నాను, రెండు వేల లోపే అయింది. దీని మీద నా అభిప్రాయం మధ్యస్థం. సీడీలు బాగానే చదువుతుంది. కానీ సన్నటి డ్రైవ్ కదా, సీడీ వేగం అందుకునేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. హబ్‌కి తగిలిస్తే మధ్యలో మాయమైపోయేది, నేరుగా లాప్‌టాప్‌కి తగిలించాక ఆ బాధ తప్పింది. నేనెప్పుడూ ఒకే పోర్టు వాడతాను, ‘ఆర్’ చెదరలేదు. ఇంకొకటి, కాసేపు చదవకపోతే సీడీ తిరగడం ఆపేస్తుంది. మళ్లీ అవసరమైనప్పుడు అది వేగం అందుకునేదాకా ఆట బిగుసుకుపోతుంది. రేసు మధ్యలో అలా జరిగితే పిల్లలకి ఏడుపే.

డాస్ ఆటలకి మాత్రం డాస్‌బాక్స్‌ని (విండోస్ లోపల పాత డాస్ కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్) మించింది నేను చూడలేదు. పదిహేనేళ్లుగా వాడుతున్నాను, ఉచితం కూడా. దాని గొప్పతనం ఏమిటంటే, బయట విండోస్ ఏ అక్షరం ఇచ్చినా లోపల ఆటకి ఏ అక్షరం కనిపించాలో మనమే నిర్ణయిస్తాం. బయట ‘ఆర్’, లోపల ‘డి’. మా ‘టూంబ్ రైడర్’ ఇప్పటికీ తాను 2001లో ఉన్న చోటే ఉన్నాననుకుంటుంది. అందరూ చేసే పొరపాటు ఒకటుంది: మౌంట్ కమాండ్‌లో అక్షరం ఇచ్చి, ‘టి’ స్విచ్‌తో సీడీరామ్ అని చెప్పడం మర్చిపోతారు. అప్పుడు ఫైళ్లన్నీ కనిపిస్తాయి, ఆట మాత్రం సీడీ లేదంటుంది, ఎందుకంటే దానికి కనిపించేది మామూలు హార్డ్ డిస్కే. సీడీ పేరు కూడా సరిచూసుకునే ఆటలకి లేబుల్ స్విచ్‌తో ఆ పేరు ఇవ్వొచ్చు. ఈ వరుసలన్నీ డాస్‌బాక్స్ కాన్ఫిగ్ ఫైల్లో చివరనున్న ఆటోఎగ్జెక్ భాగంలో ఒకసారి రాసేస్తే మళ్లీ కొట్టక్కర్లేదు. రెండు మూడు సీడీల ఆటలైతే వాటి ఇమేజ్‌లన్నీ (ఇమేజ్ అంటే సీడీ మొత్తాన్ని ఫైలుగా తీసిన కాపీ) ఒకే ఇమ్‌జీమౌంట్ కమాండ్ వరుసలో ఇచ్చి, ఆట మధ్యలో కంట్రోల్ ఎఫ్4 నొక్కితే తర్వాతి సీడీకి మారుతుంది.

ఇమేజ్‌ల దగ్గర ఒక మాట. మన సొంత సీడీకి ఐఎస్‌ఓ రకం ఇమేజ్ తీసుకుంటే ఆడియో ట్రాకులు అందులోకి రావు, ‘క్వేక్’ మళ్లీ మూగదవుతుంది. బిన్, క్యూ అనే జంట ఫైళ్లుగా తీసుకోవాలి. విండోస్ 8 నుంచి ఐఎస్‌ఓ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే డ్రైవ్‌లా తెరుచుకుంటుంది కానీ క్యూ ఫైలు తెరుచుకోదు. డాస్‌బాక్స్ ఇమ్‌జీమౌంట్ రెండింటినీ తీసుకుంటుంది, సంగీతంతో సహా. సంగీతం సీడీ మీద లేని విండోస్ ఆటలకి ఐఎస్‌ఓ చాలు. అది ఖాళీగా ఉన్న ఏదో ఒక అక్షరంలో కూర్చుంటుంది కాబట్టి, ఒకసారి డిస్క్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి చూసుకోవాలి.

అక్షరంతో తీరని బాధలు కూడా ఉన్నాయి. వాటి మీద రాత్రిళ్లు పాడుచేసుకోవద్దనే ఇది రాస్తున్నాను. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉన్న సీడీలు విండోస్ 10లో నడవవు. దానికి కావలసిన డ్రైవర్‌ని 2015లో భద్రతా కారణాల వల్ల మైక్రోసాఫ్ట్ ఆపేసింది, అదే ఏడాది సెప్టెంబరు అప్‌డేట్‌తో 7, 8ల్లోనూ నిలిపేసింది. ఆ ఆట అసలు సీడీ పెట్టినా ఒప్పుకోదు, ‘డి’ ఇచ్చినా ‘ఆర్’ ఇచ్చినా ఒకటే. అలాగే 64 బిట్ విండోస్‌లో పాత 16 బిట్ సెటప్‌లు (ఆటని ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాములు) తెరుచుకోవు. తొంభైల ఆటల్లో చాలావాటికి ఆట 32 బిట్ అయినా సెటప్ 16 బిట్ ఉంటుంది. ఈ రెండు రకాలకీ నేను మేడ మీద గదిలో ఆ పెంటియం 3నే ఉంచాను. దాని కరెంటు సప్లై రెండుసార్లు మార్పించాను. అమ్మేయమని ఇంట్లో అన్నా అమ్మలేదు.

చివరగా సీడీల సంగతి. మా వైపు గాలిలో తేమ ఎక్కువ, చుట్టూ చెరువులే. ఆషాఢం నుంచి కార్తీకం దాకా బీరువాలో బట్టలే బూజు పడతాయి. అట్ట కవర్లో ఉంచిన ‘నీడ్ ఫర్ స్పీడ్ 3’ సీడీకి అంచున మచ్చలు లేచి, అక్షరం సరిగ్గా ఉన్నా చదవకుండా పోయింది. మిగతావి ఇప్పుడు మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో, తేమ పీల్చే పొట్లాలతో ఉన్నాయి. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకుండా మధ్యలోంచి అంచు వైపు తిన్నగా తుడుస్తాను. ‘క్వేక్’ సీడీ ఈ మధ్య చివరి ట్రాకుల దగ్గర తడబడుతోంది. వానలు పట్టకముందే దానికీ, ‘టూంబ్ రైడర్’కీ బిన్, క్యూ తీసి రెండు చోట్ల దాచాను. నాన్న చెరువుల లెక్కలు కూడా అదే రెండు చోట్లా ఉన్నాయి.