మరాంట్జ్ ఎస్ఏ-10: ఏళ్ళ తరబడి విన్నాక

మరాంట్జ్ ఎస్ఏ-10 అనే సీడీ ప్లేయరుని నేను 2018లో కొన్నాను. అప్పటికే వైజాగ్‌లో సీడీలు అమ్మే షాపులు ఒక్కొక్కటే షట్టర్లు దించేశాయి. కొత్త కార్లలో సీడీ పెట్టే చోటే లేకుండా పోయింది. ఇప్పుడీ కొనడమేమిటని అడగనివాళ్ళు లేరు. ఇంగ్లండులో దీని ధర 5,999 పౌండ్లు ఉండేది. కస్టమ్స్, జీఎస్టీ కలుపుకొని ఇంటికి చేరేసరికి ఎంతైందో మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడకీ కాస్త తగ్గించే చెప్పాను.

ఇలాంటి పెట్టెల మీద వచ్చే సమీక్షలు చాలావరకు అట్టపెట్టె విప్పిన కొద్ది వారాల్లో రాసేవి. అప్పుడు అన్నీ కొత్తగానే వినిపిస్తాయి, డబ్బు పెట్టిన చెవి మరీను. ఇన్నేళ్ళు రోజూ వాడాక నా మాట ఇది: ప్లేయరు గొప్పదే, మళ్ళీ కొనమన్నా కొంటాను. కానీ నా గదిలో ఒక పాట బాగుండటానికీ ఇంకొకటి బాగోకపోవడానికీ కారణం ముప్పాతిక మువ్వీసం డిస్కులోనే ఉంది. ఆ డిస్కుకి మాస్టరింగ్ (అచ్చుకి ముందు శబ్దాన్ని ఆఖరిసారి సర్దే పని) చేసిన ఇంజినీరు ఏం చేశాడో అదే వినిపిస్తుంది. ఎస్ఏ-10 చేసే పనల్లా దాన్ని దాచిపెట్టకపోవడం.

లోపల ఏముందో కొంచెం చెప్పాలి. బరువు 18.4 కిలోలు. రాగిపూత వేసిన ఛాసిస్, గుండ్రటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్, డిస్కు తిప్పే మెకానిజం కూడా బయట కొన్నది కాదు, మరాంట్జ్ సొంతంగా తయారుచేసుకున్నదే. అసలు విశేషం వేరే ఉంది. బజారులో దొరికే డాక్ చిప్పు, అంటే డిస్కులోని అంకెల్ని శబ్ద సంకేతంగా మార్చే చిప్పు, ఇందులో లేదు. సీడీలోని 16 బిట్ల, 44.1 కిలోహెర్ట్జ్ సమాచారాన్ని మొత్తం లెక్కగట్టి, సెకనుకి కోటీ పన్నెండు లక్షల పైచిలుకు ఒక్క బిట్ల ప్రవాహంగా మార్చి, ఆఖర్న ఒక అనలాగ్ ఫిల్టరు గుండా వదులుతుంది. ఇదేదో నిన్నమొన్నటి వింత అనుకోనక్కర్లేదు. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో సీడీ ప్రమాణాన్ని ఖాయం చేసినప్పుడు మరాంట్జ్ ఫిలిప్స్ గూటిలోనే ఉంది. ఫిలిప్స్ తొలి ప్లేయర్లు 14 బిట్ల చిప్పులతోనే, ఓవర్‌శాంప్లింగ్ (కొలతకీ కొలతకీ మధ్య మరిన్ని కొలతలు లెక్కగట్టి చేర్చడం) అనే కిటుకుతో 16 బిట్ల పని చేయించాయి. ఎనభైల చివరికొచ్చేసరికి అదే ఫిలిప్స్ బిట్‌స్ట్రీమ్ పేరుతో ఒక్క బిట్టు పద్ధతి తెచ్చింది. ఎస్ఏ-10 ఆ ఇంటి మనవడే.

మెనూలోకి వెళ్తే ఫిల్టరు, డిథరు, నాయిస్ షేపరు అని శబ్దాన్ని కాస్త కాస్త మార్చే అమరికలు ఉంటాయి, అన్నీ మార్చుకోవచ్చు. మొదట్లో రాత్రిళ్ళు కూర్చుని తిప్పుతూ ఉండేవాణ్ణి. తేడాలు ఉన్నాయనిపించేది, మర్నాడు లేవనిపించేది. తర్వాత ఒకచోట వదిలేశాను. ఏది పెట్టానో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

స్పీకర్లు హార్బెత్ సీ7. బీబీసీలో పనిచేసిన డడ్లీ హార్‌వుడ్ 1977లో పెట్టిన సంస్థ అది, గాత్రానికి పెట్టింది పేరు. మా హాలు మరీ పెద్దదేం కాదు. ఒక గోడకి పుస్తకాల బీరువా, ఇంకో గోడకి మందపాటి దుప్పటి. ఆ దుప్పటి తీసేసినప్పుడు వినిపించే తేడా, ప్లేయరు మార్చినప్పటి తేడాకన్నా ఎక్కువ. ఖర్చు మాత్రం తక్కువ.

తేడా ఎంతో తేల్చుకోవాలని ఒకసారి మా తోడల్లుడు వచ్చినప్పుడు గట్టిగానే పరీక్ష పెట్టాం. అటకమీది పాత డీవీడీ ప్లేయరు దింపి అదే యాంప్లిఫయరుకి కలిపాను. ఒకే డిస్కు రెండు కాపీలు నా దగ్గరున్నాయి, రెండింట్లో ఒకేసారి మొదలుపెట్టాను. ముందుగా 1 కిలోహెర్ట్జ్ టోన్ వేసి, స్పీకరు వైర్ల దగ్గర మల్టీమీటరు పెట్టి, రెండూ ఒకే వోల్టేజి ఇచ్చేలా వాల్యూమ్ గుర్తు పెట్టుకున్నాను. ఈ పని చేయకుండా పోల్చేవాళ్ళ మాట పట్టించుకోవద్దు. సీడీ ప్లేయర్ల అవుట్‌పుట్ రెండు వోల్ట్ల దరిదాపుల్లో ఉంటుంది గానీ, ఒకటి కాస్త ఎక్కువ ఇచ్చిందంటే చాలు, అదే బాగుందంటుంది చెవి. ఆయన్ని కళ్ళు మూసుకోమని అటూ ఇటూ మార్చాను.

కర్ణాటక గాత్రం డిస్కుతో ఆయన చాలాసార్లు సరిగ్గా పట్టుకున్నాడు. మృదంగం తొప్పి (ఎడమవైపు) మీద చెయ్యి ఆనించి వదిలినప్పుడు వచ్చే గుంభనమైన మోత ఎస్ఏ-10లో ఆగాల్సిన చోట ఆగుతోంది, పాతదాంట్లో కొంచెం సాగుతోంది. తంబురా కూడా అంతే. పాట ఎత్తులో ఉన్నప్పుడు పాతదాంట్లో తంబురా ఎక్కడికో పోతుంది, దీంట్లో వెనకాల అలాగే ఉంటుంది. సినిమా పాటల డిస్కు వేశాక మాత్రం ఇద్దరం తేడా పట్టలేక తేలిపోయాం. రెండుసార్లు అడిగేసరికి విసుక్కున్నాడు.

"అన్నయ్య గారూ, పాతదో కొత్తదో ఏదైతేనేం, ముందా పాట సగంలో ఆపకండి."

న్యాయమైన మాటే. లక్షల తేడా ఉన్న రెండు యంత్రాల మధ్య వినిపించే తేడా, శ్రద్ధగా వింటే తెలిసేంత. అంతకు మించి చెప్పేవాళ్ళు అమ్మేవాళ్ళైనా అయి ఉండాలి, కొత్తగా కొన్నవాళ్ళైనా అయి ఉండాలి.

డిస్కుకీ డిస్కుకీ మధ్య తేడా మాత్రం వీధిలో పోయేవాడు కూడా చెప్పగలిగేది. ఘంటసాల గారి పాటలు రెండు వేర్వేరు సంకలనాల్లో ఉన్నాయి నా దగ్గర. కొన్ని పాటలు రెండింట్లోనూ ఉన్నాయి. ఒకదాంట్లో పాత టేపు హిస్సు (సుయ్‌మనే సన్నటి రొద) వినపడకూడదని శుభ్రం చేశారు. హిస్సు పోయింది, దాంతోపాటు 'శ', 'స' అక్షరాల పదును పోయింది. చరణం చివర ఆయన ఊపిరి తీసుకునే చోట ఖాళీ. వీణ తీగ మీటాక నాదం సన్నగిల్లుతూ ఉండగానే ఎవరో తలుపేసినట్టు తెగిపోతుంది. రెండో సంకలనంలో హిస్సు నిక్షేపంగా ఉంది. పాట మొదలైన కాసేపటికి ఆ హిస్సు మన చెవికి ఆనదు, గొంతు మాత్రం నిండుగా ఎదురుగా నిలబడుతుంది. పాత డీవీడీ ప్లేయరులో ఈ రెంటి తేడా తెలుస్తుంది. ఎస్ఏ-10లో మొదటి సంకలనం భరించడమే కష్టం. ఖరీదైన ప్లేయరు కొంటే పాత సీడీలన్నీ కొత్తగా వినిపిస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కొన్ని మళ్ళీ వినబుద్ధి కాకుండా పోతాయి.

2000 తర్వాత వచ్చిన సినిమా పాటల డిస్కులది ఇంకో బాధ. ఎవరి పాట ఎక్కువ గట్టిగా మోగితే వాళ్ళదే గెలుపన్నట్టు వాల్యూమ్ పైదాకా తోసేశారు. కంప్యూటరులోకి ఎక్కించి, శబ్దాన్ని బొమ్మగీసి చూపించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో తెరిస్తే పల్లవీ చరణమూ ఒకే మట్టంలో కనిపిస్తాయి, శిఖరాలన్నీ తెగిపోయి ఉంటాయి. ఇది మనకొక్కళ్ళకే వచ్చిన జబ్బు కాదు, ప్రపంచమంతా అదే గోల. అలాంటి డిస్కు వేసినప్పుడు 18 కిలోల యంత్రం కూడా ఏమీ చేయలేదు.

ఇక సీడీ వల్ల నిజంగా లాభపడింది మన కచేరీ సంగీతమని నా లెక్క. ఎల్పీలో ఒక వైపు పాతిక నిమిషాలు దాటడం కష్టం. క్యాసెట్టు అయితే ముప్పై, మహా అయితే నలభై ఐదు. రాగం తానం పల్లవి సరిగ్గా వేడెక్కేసరికి లేచి తిప్పాలి. సీడీలో 74 నిమిషాలు. ఆలాపన దగ్గర్నుంచి తని ఆవర్తనం (తాళవాద్యాల వాళ్ళ సొంత వాయింపు) దాకా కూర్చున్నచోటే. నా దగ్గర ఒక కచేరీ డిస్కులో తని ఆవర్తనం ముక్తాయింపు అయిపోయాక పల్లవి అందుకోవడానికి ముందు ఒక్క క్షణం సభ అంతా నిశ్శబ్దం. వెనక వరసలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, ఆ వెంటనే చప్పట్లు. ఆ కుర్చీ చప్పుడు ఎడమ స్పీకరుకి అవతల, గోడ దాటి ఎక్కడో వినిపిస్తుంది. హాలు ఎంత పెద్దదో ఆ ఒక్క చప్పుడు చెప్పేస్తుంది. అదే కచేరీని స్ట్రీమింగులో వింటే అక్కడ ట్రాక్ మారుతుంది, చిన్న గుటక పడుతుంది.

స్ట్రీమింగు మీద నాకు పంతమేం లేదు. ఆపిల్ మ్యూజిక్ 2021లో లాస్‌లెస్ (శబ్ద సమాచారం ఏమీ పోకుండా పంపే పద్ధతి) ఇచ్చాక సాంకేతికంగా సీడీకి తీసిపోయేది ఏమీ లేదు. ఎస్ఏ-10 వెనకాల యూఎస్‌బీ సాకెట్ ఉంది, లాప్‌టాప్ కలిపితే అదే డాక్‌గా పనిచేస్తుంది. సీడీని రిప్ చేసి, అంటే కంప్యూటరులోకి ఫైలుగా ఎక్కించి, ఆ ఫైలు ఆ దారిలో వింటే, డిస్కు వేసి విన్నదానికీ దానికీ నాకు తేడా తెలియలేదు. తెలిసినవాళ్ళు ఉంటే ఉండొచ్చు. అయినా డిస్కులే వేస్తున్నాను, ఎందుకంటే సీడీ డబ్బాలో వచ్చే చిన్న పుస్తకం. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు, ఏ సభలో, ఏ సంవత్సరం అన్నీ ఉంటాయి. యాప్‌లో గాయకుడి పేరూ కీర్తన పేరూ ఉంటే ఉంటాయి, పక్క వాయిద్యం వాళ్ళ ఊసు చాలాసార్లు ఉండదు. వయొలిన్ ఎవరిదో తెలియకుండా కచేరీ వినడం నాకు చేతకాదు.

ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) కూడా ఆడుతుంది. 1999లో వచ్చిన ఆ ఫార్మాట్‌లో మన సంగీతం దాదాపు లేనట్టే. నా దగ్గరున్నవి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్, అవీ కొన్నే. బాగున్నాయి. బాగా రికార్డు చేశారు కాబట్టి బాగున్నాయని నా అనుమానం. దీనికోసమే ఈ ప్లేయరు కొనక్కర్లేదు.

సముద్రం పక్క ఊళ్ళో ఉండేవాళ్ళకి రెండు ముక్కలు. ఉప్పుగాలికి కేబుళ్ళ కొసలు నల్లబడతాయి. ఆరేడు నెలలకోసారి అన్నీ పీకి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ బిగిస్తాను. ఒక చానెల్ మెల్లగా సన్నగిల్లుతోందంటే ప్లేయరుని తిట్టే ముందు అది చూడండి. అలాగే, చవకరకం ఇన్వర్టరు మీద టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మరున్న ఏ యంత్రం పెట్టినా గొణుగుతుంది. ఆ ఇన్వర్టరు ఇచ్చే, మెట్లుమెట్లుగా మారే స్క్వేర్ వేవ్ కరెంటు ట్రాన్స్‌ఫార్మరుకి పడదు. కరెంటు పోతే నేను పాట ఆపేస్తాను. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు ఉన్నవాళ్ళకి ఆ బెంగ లేదు.

డిస్కులు మాత్రం మనం అనుకునేదానికన్నా మొండివి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి కింది అరలోని సీడీలు నీళ్ళలో నానాయి. పుస్తకాలు అతుక్కుపోయి అట్టముక్కలయ్యాయి. పక్కనే ఉన్న క్యాసెట్లు పోయాయి. డిస్కుల్ని మంచినీళ్ళతో కడిగి ఆరబెడితే ఆడాయి, ఈ రోజుకీ ఎస్ఏ-10లో తడబడకుండా ఆడుతున్నాయి. కింద వైపు 1.2 మిల్లీమీటర్ల పాలికార్బొనేట్ కాపలా ఉంటుంది. చిన్న గీతల్ని లెక్కల సాయంతో సరిదిద్దే ఏర్పాటు సీడీలోనే ఉంది, ట్రాక్ వెంబడి రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా పూడ్చేస్తుంది. అందుకే తుడిచేటప్పుడు మధ్యలోంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా కాదు. అసలు ప్రమాదం పైవైపు, బొమ్మలున్న వైపు. అల్యూమినియం పూత ఆ రంగు కిందే, పల్చటి రక్షణ పొర చాటున ఉంటుంది. అక్కడ గీత పడితే సమాచారం పోయినట్టే. అనుమానం ఉన్న డిస్కుని ట్యూబులైటు ముందు పట్టుకుని చూడండి. సూదిమొనలంత వెలుతురు చుక్కలు కనిపిస్తే పూత లేచిపోతోందన్నమాట. వెంటనే రిప్ చేసి పెట్టుకోవాలి.

ఇందులో లేనివి కూడా చెప్పాలి. వైఫై లేదు, స్ట్రీమింగు లేదు. లైన్ అవుట్‌పుట్ వాల్యూమ్ మార్చడానికి వీల్లేదు, కాబట్టి వాల్యూమ్ మీట ఉన్న యాంప్లిఫయరు తప్పనిసరి. హెడ్‌ఫోన్ సాకెట్‌కి మాత్రం వేరే వాల్యూమ్ ఉంది, ఇంట్లోవాళ్ళు పడుకున్నాక నేను ఎక్కువగా వాడేది అదే.

కొత్తగా సీడీల వైపు రావాలనుకునే వాళ్ళకి నేనైతే ఇది కొనమని చెప్పను. మామూలు ప్లేయరు ఒకటి, మంచి స్పీకర్లు, మిగిలిన డబ్బు డిస్కులకి. పాత సామాన్లవాళ్ళ దగ్గర, ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ దగ్గర డిస్కులు కట్టలు కట్టలుగా దొరుకుతున్నాయి. ఇప్పటికే వందల డిస్కులుండి, కర్ణాటక గాత్రం ఎక్కువగా వింటూ, ఇంకో పదిహేనేళ్ళు ప్లేయరు మార్చే ఆలోచన పెట్టుకోనివాళ్ళకి ఎస్ఏ-10 సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వదలొద్దంటాను. చూడటానికి వెళ్ళేటప్పుడు బాగా నిండుగా ఉన్న, డెబ్భై నిమిషాలు దాటిన డిస్కు ఒకటి వెంట తీసుకెళ్ళండి. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది, మెకానిజం అలిసిపోయి ఉంటే మొదటి పాటలో బయటపడకపోవచ్చు. ఆఖరి ట్రాక్ పెట్టించి పూర్తిగా వినండి. తర్వాత ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్ ఒకటి వేయించండి. ఆ రెండూ తడుముకోకుండా ఆడితేనే బేరం మొదలుపెట్టండి.