పాత అవుట్‌బోర్డ్ మోటారు: బాగు చేయించాలా, కొత్తది కొనాలా? ఏది మేలు?

అవుట్‌బోర్డ్ మోటారు, అంటే బోటు వెనక చెక్కకి తగిలించే ఇంజన్, మొరాయిస్తోంది అనగానే ఎవరైనా అడిగే మొదటి మాట "ఎన్నేళ్ళయింది కొని?" అని. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. గోదావరి పాయల్లోనో రిజర్వాయర్లోనో తిరిగిన మోటారు పదిహేనేళ్ళయినా లోపల శుభ్రంగానే ఉంటుంది, అదే సముద్రంలో రోజూ వేటకెళ్ళొచ్చి ఒక్కసారి కూడా మంచినీళ్ళు పట్టించని మోటారు నాలుగైదేళ్ళకే లోపల గుల్లయిపోద్ది. అందుకని చూడాల్సినవి రెండే, ఉప్పు ఎంత తినేసింది, నెలకి ఎన్ని రోజులు నడుపుతాం. మిగతా లెక్కలన్నీ వీటి తర్వాతే. నేను చెప్పేది ఎక్కువగా ఫైబర్ బోట్లకి కట్టే 8, 9.9 హార్స్‌పవర్ మోటార్ల గురించి, పెద్దవాటి సంగతి వేరు.

ముందు ఒకటి చెప్పాలి. "ఇంజన్ పోయింది" అని ఒడ్డున పడేసినవాటిలో చాలా వాటికి అసలు ఇంజన్ పోదు. నీళ్ళు తోడే ఇంపెల్లర్ పోద్ది, లేదా పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటర్ పూడుకుపోద్ది, లేదా కాయిల్ వేడెక్కాక ప్లగ్గుకి కరెంటు ఇవ్వడం మానేస్తుంది. భీమిలి, పూడిమడక, ఉప్పాడ లాంటి చోట్ల కెరటాల్లోంచి బోటు నేరుగా ఇసక మీదకి ఎక్కిస్తారు కదా, ఆ చివరి నిమిషంలో మోటారు ఇసక కలిసిన నీళ్ళు పీలుస్తుంది, ఇంపెల్లర్ అనేది ఉత్త రబ్బరు రెక్కలు, ఇసక తగిలితే ఆకురాయి పెట్టినట్టు అరిగిపోతాయి. వెనకాల చిన్న కన్నంలోంచి వచ్చే నీళ్ళ ధార సన్నబడిందా, చేత్తో పట్టుకుంటే కాలుతోందా, అదే మొదటి కబురు. అది పట్టించుకోకుండా ఇంకో వారం లాగితే అప్పుడు పిస్టన్ పట్టేస్తుంది, నాలుగు రబ్బరు ముక్కల ఖర్చు కాస్తా బోర్ (సిలిండర్ లోపలి గోడ కోయించి పెద్దది చేయడం) ఖర్చు అవుతుంది.

ప్రొపెల్లర్ (ఫ్యాన్) సంగతీ ఇంతే. ఇంజన్ గొంతు చించుకుంటోంది, బోటు కదలట్లేదు అంటే గేర్లు పోయాయని కంగారు పడతారు, చాలాసార్లు ఫ్యాన్ మధ్యలో ఉండే రబ్బరు బుష్ జారుతూ ఉంటుంది అంతే.

కార్బొరేటర్ గురించి ఒక మాట ఎక్కువే చెప్పాలి ఎందుకంటే ఇది చాలామందిని కొత్త మోటారు వైపు తోసేస్తోంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, అవుట్‌బోర్డ్ కంపెనీలేమో మామూలుగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాల్లోని తేమని లాక్కుంటుంది, సముద్రం పక్కన తేమకి కొదవా, ట్యాంకులో చాలా రోజులు నిలవుంటే అడుగున నీళ్ళు చేరొచ్చు, పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి పొట్టు రాలి కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే సన్న కన్నాలకి (జెట్లకి) అడ్డం పడతాయి. ఇది మోటారు ముసలిదై రావట్లేదు, కొత్తది కొన్నా ఈ బాధ మీతోనే వస్తుంది. గొట్టం మార్చి, నీళ్ళు వేరుచేసే ఫిల్టర్ ఒకటి పెట్టి, వేట లేని రోజుల్లో కార్బొరేటర్ ఖాళీ చేసి ఉంచితే సగం తగాదా తీరిపోద్ది.

సరే, ఇవన్నీ చూశాక కూడా దమ్ము లేదు, లోడు పడితే చతికిలపడుతోంది అంటే అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, చూడాలి. మెకానిక్ ఆ ఒత్తిడి కొలిచే గేజ్ తేకుండా తాడు ఒకసారి లాగి "పోయిందండీ" అంటే నమ్మకండి. ప్లగ్గులన్నీ విప్పాలి, ఇంజన్ ఆపే కిల్ స్విచ్ క్లిప్పు తీసేసి ప్లగ్ వైర్లు బాడీకి తగిలించి పెట్టాలి, లేకపోతే సీడీఐ (ప్లగ్గులకి కరెంటు పంపే పెట్టె) దెబ్బతింటుంది, థ్రాటిల్ పూర్తిగా తెరిచి గేజ్ బిగించి ముల్లు ఇక పైకెళ్ళదు అనేదాకా గట్టిగా లాగాలి, తర్వాత రెండో సిలిండర్. అంకె ఎంత అనేకన్నా రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. తేడా 10 శాతం లోపు ఉండి, రెండూ మరీ తక్కువ కాకపోతే హెడ్ (సిలిండర్ల మీది మూత) జోలికి పోవక్కర్లేదు. దాటితే రింగులు మసికి పట్టేసి ఉండొచ్చు, ముందు మసి వదిలించే మందు కొట్టించి మళ్ళీ చూడండి, అప్పటికీ రాకపోతే బోర్ చేసి పెద్ద సైజు పిస్టన్ వేయడమే.

ఇక్కడే అసలు నిర్ణయం. బోర్ చేయించే ముందు విప్పిన ప్లగ్గులు చూడండి. ఒకటి నల్లగా ఉండి రెండోది కడిగినట్టు తెల్లగా మెరుస్తోందా, లేదా తుప్పు మరక ఉందా, అంటే ఆ సిలిండర్లోకి నీళ్ళు దిగుతున్నాయి. హెడ్ కింద ఉండే గాస్కెట్ పొర పోయి అయితే పర్లేదు. ఉప్పు బ్లాకుని, అంటే సిలిండర్లుండే అసలు దిమ్మని, తినేసి నీళ్ళ దారికీ సిలిండర్‌కీ మధ్య గోడ పల్చబడితే మాత్రం దానికి మందు లేదు. బోల్టులు కూడా చూడండి, అల్యూమినియంలో స్టీలు బోల్టు ఏళ్ళ తరబడి ఉప్పులో నానితే రెండూ ఒకటైపోతాయి, వేడిచేసి నూనె పోసి తిప్పితే వస్తే వచ్చినట్టు, లేకపోతే తల తెగి చేతికొస్తుంది. ఒకటి తెగితే డ్రిల్ చేసి కొత్త మర వేయొచ్చు. మూడు నాలుగు వరసగా తెగాయంటే అక్కడే ఆపమనండి, ఆ మోటారు మీద ఇంకో రూపాయి పెట్టొద్దు.

కింద గేరుపెట్టె సంగతి ఇంత భయంకరం కాదు. ఆయిల్ తీస్తే పాలలా తెల్లగా వచ్చిందంటే సీలు పోయి నీళ్ళు దిగాయి, వెంటనే సీలు మారిస్తే సరిపోద్ది. ఇనప రజను, పళ్ళ ముక్కలు వస్తే గేర్లు పోయినట్టు, అయినా పై ఇంజన్ బాగుంటే కింద భాగం మొత్తం మార్చుకున్నా గిట్టుబాటే. పైది బాగుండి కిందది పోతే రిపేరు, పైదే ఉప్పు తింటే కొత్తది, నా వరకు లెక్క ఇంతే.

"రిపేరు బిల్లు కొత్త దాంట్లో సగం దాటితే కొత్తదే కొనాలి" అని ఒక సూత్రం అందరూ చెప్తారు. ఆదివారాలు సరదాకి గాలం వేసే మనిషికి అది సరిపోద్దేమో గానీ రోజూ వేటకెళ్ళే బోటుకి సరిపోదు, ఎందుకంటే అక్కడ బిల్లు కన్నా పెట్రోలే పెద్ద ఖర్చు. ఊరికే లెక్కకి అనుకుందాం, పాత టూ స్ట్రోక్ (పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే రకం) రోజుకి 15 లీటర్లు తాగుతోంది. ఫోర్ స్ట్రోక్ (ఆయిల్ విడిగా పోసే రకం) అదే పనికి ఉరామరిగా నాలుగో వంతు తక్కువ తాగుతుంది, 4 లీటర్లు మిగిలాయనుకోండి, లీటరు 110 లెక్కన రోజుకి 440. ఏడాదికి 200 రోజులు వేట ఉంటే 88 వేలు. దీనికి తోడు టూ స్ట్రోక్‌లో 50కి 1 పాళ్ళలో ఆయిల్ కలపాలి, 15 లీటర్లకి 300 మిల్లీలీటర్లు, అదీ ఆదా. అదే నెలకి రెండు మూడు సార్లు తీసేవాళ్ళకి ఈ ఆదాతో పదేళ్ళకి కూడా మోటారు ధర తేలదు, వాళ్ళు హాయిగా పాతదాన్నే బాగు చేయించుకోవడం మేలు.

అలాగని ఫోర్ స్ట్రోక్ అందరికీ పనికొస్తుందనీ కాదు. బరువెక్కువ, రోజూ విప్పి భుజాన ఇంటికి మోసుకెళ్ళేవాళ్ళకి ఆ నాలుగు కేజీలే తెలుస్తాయి. తప్పు పక్కకి పడుకోబెడితే ఆయిల్ సిలిండర్లోకి పోద్ది. కెరటం కొట్టి మునిగితే టూ స్ట్రోక్‌ని ప్లగ్గులు విప్పి నీళ్ళు వంపేసి, మంచినీళ్ళతో కడిగి, ఆయిల్ పోసి తాడు లాగి అదే పూట స్టార్ట్ చేసేస్తారు, ఫోర్ స్ట్రోక్‌కి ఆయిల్ మార్చి మార్చి నీళ్ళన్నీ పోయాయని నమ్మకం కుదిరేదాకా నడపకూడదు. పైగా మీ ఊళ్ళో దాని వాల్వులు సెట్ చేసేవాడు ఎవరైనా ఉన్నాడా లేడా, ఇది షోరూంలో చెప్పరు, మీరే కనుక్కోవాలి. మా చిన్నాన్న ఇప్పటికీ టూ స్ట్రోక్ వదలకపోడానికి కారణం ఇదే, "సముద్రంలో ఆగిపోతే నేను బాగు చేసుకోగలిగిందే నా మోటారు" అంటాడు, ఆయన మాట కొట్టిపారేయలేం.

సెకండ్ హ్యాండ్ మాత్రం నేను చివరికి పెడతాను. వేరేవాడు ఎందుకు అమ్ముతున్నాడో పైన చెప్పిన కంప్రెషన్, ప్లగ్గు, గేర్ ఆయిల్ మూడూ చూస్తే గానీ తెలీదు, అమ్మేవాడు చూడనివ్వకపోతే అక్కడితో వదిలేయండి. మీరు వెళ్ళేసరికే స్టార్ట్ చేసి వేడిచేసి ఉంచాడంటే చల్లారేదాకా కూర్చుని మళ్ళీ లాగించండి. సీరియల్ నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా వద్దు. విదేశీ సరుకు చవకగా వస్తోందంటే పార్టుల సంగతి ముందు చూసుకోండి, ఎవిన్‌రూడ్ లాంటి పేరున్న బ్రాండు తయారీనే 2020లో ఆపేశారు.

ఇంకో దారి డీజిల్ లాంగ్ టెయిల్, అంటే బోటు మీద ఇంజన్ పెట్టి, పొడుగాటి రాడ్డు చివర ఫ్యాన్ తిప్పేది. చప్పుడు, అదురు, స్పీడు తక్కువ, చుట్టాలని షికారుకి ఎక్కిస్తే రెండోసారి రారు. కానీ గాలితో చల్లారే ఇంజనైతే ఉప్పునీళ్ళు లోపలికే పోవు, పొలం పంపు బాగుచేసేవాడు కూడా దీన్ని బాగు చేస్తాడు, ఒడ్డుకొచ్చేటప్పుడు తోక పైకెత్తేస్తే ఇసక బాధ లేదు. రిజిస్టరైన మోటరైజ్డ్ బోటుకి ఆంధ్రాలో డీజిల్ మీద లీటరుకి 9 రూపాయల సబ్సిడీ ఉంది, నెలకి 300 లీటర్ల దాకా, అంటే పూర్తిగా వాడుకుంటే 2700. దగ్గర్లో వల వేసుకునేవాళ్ళకి ఇదే లాభం, దూరం పోయి త్వరగా రావాలనుకునేవాళ్ళకి కాదు.

ఏది చేసినా ఎప్పుడు చేస్తున్నాం అన్నది కూడా డబ్బే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పెద్ద రిపేర్లకి అదే టైం. కాకపోతే జూన్ మొదటి వారంలో ఇస్తే మెకానిక్ దగ్గర మీ ముందు క్యూ ఉంటుంది, పార్టు రాలేదంటాడు, నిషేధం ఎత్తేసిన మర్నాడు అందరూ వేటకెళ్తుంటే మీరు షెడ్డు దగ్గర కూర్చోవాలి. ఏప్రిల్లోనే విప్పించండి. బ్లాకు పోయిందని తేలినా కొత్తదానికి డబ్బులు సర్దుకోడానికి, ఫిషరీస్ ఆఫీసులో సబ్సిడీ స్కీము ఏదైనా నడుస్తోందా అని తిరగడానికి నెల పైన చేతిలో ఉంటుంది.

కొత్తది కొంటే కిందకి దిగే షాఫ్టు పొడుగు బోటు వెనక చెక్కకి సరిపోయేది, 15 అంగుళాలా 20 అంగుళాలా కొలుచుకుని మరీ తీసుకోండి. పాతదాన్ని తుక్కు కింద కిలోల లెక్కన ఇచ్చేయొద్దు, కొత్తదీ అదే కంపెనీ అదే మోడలైతే కార్బొరేటర్, కాయిల్, స్టార్టర్ తాడు సెట్టు, గేరుపెట్టె విప్పి గ్రీజు పూసి దాచుకోండి, వేరే మోడలైతే ఆ పాత మోటారే వాడే ఇంకో బోటాయన వాటిని తుక్కు రేటుకి ఎన్నో రెట్లు పెట్టి కొనుక్కుంటాడు.