వెల్లుల్లి: పచ్చిదా, వండిందా, మాత్రలా? ఏది మేలు?

పరగడుపున పచ్చి రెబ్బలు నమిలేవాళ్లు కొందరు, కూరలో వేసింది చాలదా అనేవాళ్లు కొందరు, మందుల షాపులో మాత్రలు కొనుక్కునేవాళ్లు ఇంకొందరు. ముగ్గురూ తినేది వెల్లుల్లే అయినా ఒంటికి చేరేది మాత్రం ఒకటి కాదు.

పొట్టు ఒలిచిన రెబ్బని ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా వాసన రాదు. రోట్లో వేసి ఒక్క పోటు పొడిస్తే ఘాటు గుప్పుమంటుంది. రెబ్బ చితికినప్పుడు అందులోని అల్లీన్ అనే పదార్థాన్ని అల్లినేజ్ అనే ఎంజైము అల్లిసిన్ అనే మరో పదార్థంగా మారుస్తుంది. ఆ ఘాటు దానిదే. బ్యాక్టీరియాను అడ్డుకునే గుణం దానికి ఉందని 1944లోనే తేలింది. అందుకే రెబ్బని నమలకుండా నీళ్లతో మింగేస్తే పెద్దగా లాభం లేదు.

అల్లిసిన్ కావాలంటే పచ్చిదే ముందు. కాకపోతే ఖాళీ కడుపుతో తింటే చాలామందికి గుండెల్లో మంట, కడుపులో తిప్పడం తప్పవు. అసిడిటీ ఉన్నవాళ్లు పరగడుపు అలవాటు మానుకోవడమే మంచిది.

వండేటప్పుడు చిక్కు ఎంజైముతోనే. రెబ్బల్ని అలాగే కాగిన నూనెలో వేస్తే వేడికి అది పనిచేయడం మానేస్తుంది, అల్లిసిన్ తయారవ్వదు. ముందే నలిపి పది నిమిషాలు పక్కన పెడితే ఆ లోపల దాని పని అయిపోతుంది, తర్వాత వేడి తగిలినా కొంత గుణం మిగులుతుంది. చారు పెట్టేరోజు మిరియాలు, జీలకర్రతో పాటు వెల్లుల్లి ముందు దంచుకుని, ఆ తర్వాత చింతపండు పిసుక్కుంటే సరిపోతుంది. పచ్చి రెబ్బలు దంచి చేసే వెల్లుల్లి కారం ఇంకా మేలు, అన్నంతో తింటాం కాబట్టి కడుపుకీ తేలిక. బీపీ ఉన్నవాళ్లు మాత్రం అందులో ఉప్పు తగ్గించుకోవాలి.

ఇక మాత్రలు. నెలల తరబడి నిల్వ ఉంచి తీసిన వెల్లుల్లి సారంతో, బీపీ ఎక్కువున్నవాళ్లలో అది కొంత తగ్గినట్టు కొన్ని పరీక్షల్లో కనిపించింది. కొలెస్ట్రాల్ సంగతి వేరు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 192 మందికి ఆరు నెలలు పచ్చి వెల్లుల్లి, పొడి మాత్రలు, నిల్వ సారం, ఉత్తుత్తి మాత్రలు విడివిడిగా ఇచ్చి చూశారు. 2007లో ఫలితం చెప్పారు: చెడు కొలెస్ట్రాల్ దేనితోనూ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. వెల్లుల్లిని నమ్ముకుని డాక్టరు రాసిన మందులు ఆపేసేవాళ్లు దీన్ని తప్పకుండా గుర్తుంచుకోవాలి.

నా ఓటు నలిపి ఆగి వండిన వెల్లుల్లికే. రోజూ ఒకటి రెండు రెబ్బలు చాలు. మాత్రలకు డబ్బు పోయడం నాకు నచ్చదు. వార్ఫరిన్, ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి మాత్రలతోనూ, ఎక్కువ పచ్చి వెల్లుల్లితోనూ రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. ఆపరేషన్ ఉందంటే, పన్ను పీకించుకోవాలన్నా సరే, ఇవి తింటున్నామని డాక్టరుకి ముందే చెప్పండి. ఎన్ని రోజుల ముందు ఆపాలో ఆయన చెప్తారు.